ఎండ చూడని హార్మోనియం

బాగేపల్లిలో బొరుగులు కావాలంటే యశోదమ్మ బట్టీకి వెళ్ళాల్సిందే. కాగిన ఇసుకలో బియ్యం పోసి ఆమె నాలుగు తిప్పులు తిప్పితే ఒక్క గింజ మాడేది కాదు. నోరు మాత్రం ఆ ఇసుక కంటే వేడి. మొగుడు పోయి చాలా కాలమైంది. కూతురు కాన్పులో పోయింది. మిగిలింది ఎనిమిదేళ్ళ మనవరాలు నంజమ్మ ఒక్కతే. ఆ పిల్ల రెండుసార్లు దగ్గితే చాలు, యశోదమ్మ మంట తగ్గించి ఇంటికి పరుగెత్తేది.

నంజి గొంతు విని భజన మేష్టరు రామచంద్రప్ప ఒకనాడు బట్టీ దగ్గరికే వచ్చాడు.

"పిల్లకు శ్రుతి నిలుస్తాది యశోదమ్మా. ఇంట్లో హార్మోనియం ఉంటే సాధన చేసుకుంటాది. చింతామణిలో గంగాధరప్ప అని ఉండాడు. తమ్ముడిది ఒకటి ఇచ్చేస్తాడంట. పోయి చూసిరా."

"ఆ తమ్ముడికి వద్దా?"

"ఆయప్ప పోయినాడంట."

ఎట్లా పోయాడని ఆమె అడగలేదు. రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు అది. దసరా దగ్గర పడింది. విజయదశమి నాడు పాఠం మొదలుపెడదామని మేష్టరు మాట ఇచ్చేశాడు. ఆమె మనసంతా ఆ తొందరలోనే ఉంది.

ఆయుధపూజకు ముందురోజు ఆమె చింతామణిలో బస్సు దిగింది. గంగాధరప్ప వీధిలో మనిషి అలికిడి లేదు. తలుపులకు తాళాలు. లోపలికి ఎండ పడాలని కప్పుల మీద అక్కడక్కడా పెంకులు తీసేశారు. ఆ గుర్తు తెలియనివాళ్ళు ఆ సీమలో లేరు. ఎలుకలు పడ్డాయి, ప్లేగు వచ్చింది, జనం ఊరు విడిచారు. యశోదమ్మ వీధి మొదట్లోనే ఆగిపోయింది. వెనక్కి తిరగాల్సిన చోటు అదే. కానీ దశమికి మధ్యలో ఒక్కరోజే ఉంది. 'మనుషులు ఊరి బయట బాగానే ఉన్నారు కదా, నాకు కావలసింది వాళ్ళ దగ్గరుంది' అనుకుని తోపు వైపు నడిచింది.

తోపు నిండా చాపల గుడిసెలు. గంగాధరప్ప గుడిసె ముందు పరుపులు, చాటలు, ఉయ్యాల, చివరికి మంచం నులక కూడా విప్పి ఎండలో పరిచారు.

"ఇల్లంతా బయటేసుకున్నట్టుండారే," అంది యశోదమ్మ.

"ఇంట్లోంచి తెచ్చిందేదైనా పదైదు దినాలు ఎండాల్సిందేనమ్మా. సామాన్ల తోడు మేమూ ఎండుతాండాము," అని నవ్వాడు గంగాధరప్ప.

హార్మోనియం ఒక్కటే గుడిసె లోపల పీట మీద నీడలో ఉంది. పట్టుగుడ్డ చుట్టి, పసుపుదారం కట్టి, కుంకుమ పెట్టారు.

"దీన్ని ఎండబెట్టలేదా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "సరస్వతమ్మా అది! పరుపుల పక్కన పారేస్తామా? మా తమ్ముడు పోయినప్పుడు కట్టిన గుడ్డ, మళ్ళా విప్పలేదు. నేర్చుకునే పిల్ల చేతికి పోయినాకనే విప్పాలని మా అమ్మ మాట."

అడిగినందుకు యశోదమ్మకే సిగ్గేసింది. చెంపలు వేసుకుని, పెట్టెను కళ్ళకద్దుకుని, ఎడమ చంకన ఎత్తుకుంది.

మరునాడు ఆయుధపూజ. పలకాపుస్తకాల పక్కన హార్మోనియాన్ని పెట్టి పూజ చేసింది. పూజలో పెట్టినదాన్ని దశమి దాకా కదపకూడదు, విప్పకూడదు. నంజి మధ్యాహ్నమంతా ఆ పీట పక్కనే బోర్లా పడుకుని, పట్టుగుడ్డకు చెంప ఆనించి, వేళ్ళతో నేల మీద వాయించుకుంటూ ఉంది.

"అవ్వా, ఏందో కుడతాంది."

యశోదమ్మ చూసింది. మోచేతి మీద రెండు ఎర్రటి చుక్కలు. తన చీలమండ దగ్గర కూడా పొద్దుటి నుంచి దురదగానే ఉంది. "దోమలే. కొబ్బరినూనె రాసుకో," అంది. గదిలో ఏదో ఎండిన తోలు వాసన. సాంబ్రాణి ఇంకాస్త వేసింది.

దశమి పొద్దున మేష్టరు వచ్చి దారం విప్పాడు. నంజి చేత మొదటి మెట్టు నొక్కించాడు. తిత్తి సగం తెరుచుకుని ఆగిపోయింది. గాలి లేదు, స్వరం లేదు.

"దుమ్ము పట్టినట్టుండాది," అంటూ వెనక పలక ఊడదీశాడు.

లోపల గుడ్డపీలికల గూడు. దానిలో అట్టలా ఎండిపోయిన ఎలుక.

గూడులోంచి నలుసులంత నల్లటి ఎలుకపురుగులు ఒకటి రెండు ఎగిరి దూకాయి. గంగాధరప్ప తమ్ముడు ఎట్లా పోయాడో యశోదమ్మకు అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నంజీ, వాకిట్లోకి పో! దూరంగా!"

మేష్టరు పలకను గబగబా మళ్ళీ బిగించబోయాడు. "ఎవురికీ చెప్పొద్దమ్మా. పాత ఎలుక. ఇది తెలిస్తే పండగపూట ఊరంతా ఖాళీ చేయిస్తారు. నీ బట్టీ ముఖం మళ్ళా ఎవురూ చూడరు."

"నా పిల్ల దాని పక్కనే పండుకుంది రామచంద్రప్పా! ఈ గోడకవతల చౌడమ్మ పిల్లలు ముగ్గురుండారు."

అన్నదే తడవు ఆమె పెట్టెను రెండు చేతుల్తో ఎత్తి, గుండెకు అదుముకుని బట్టీకి నడిచింది. శెనక్కాయ పొట్టు మంట బాగా ఎగదోసి, సరస్వతిని అందులోకి తోసింది. "అది నాదీ!" అని వాకిట్లోంచి నంజి ఏడుస్తూనే ఉంది. పట్టుగుడ్డను కూడా వేసి, చావడికి పోయి జరిగినదంతా తానే చెప్పింది.

సాయంత్రానికి తమటె మోగింది, ఊరు ఖాళీ చేయాలని దండోరా వేశారు. ఊరు చేలల్లోకి కదిలింది.

గుడిసెలు వేసుకుంటున్నవాళ్ళు ఆమెకు వినబడేలాగే మాట్లాడారు.

"బొరుగులమ్మ మనవరాలి కచేరీ బాగుండాదప్పా! ఊరు ఊరంతా లేచి వచ్చింది వినేదానికి," అన్నాడు ఈరప్ప.

ఇంకోరోజైతే ఈరప్ప ఏడు తరాలూ బయటికి వచ్చేవి. ఆరోజు యశోదమ్మ తల వంచుకుని గుడిసె గుంజ పాతుకుంటూ ఉంది. పక్క గుడిసె చౌడమ్మే అందుకుంది. "చెప్పకుండా దాచింటే నీకు కచేరీ కాదురా, శవవాద్యమే వాయించింటారు!"

ఆనాటి నుంచి పూటపూటా యశోదమ్మకు ఒకటే పని. పిల్ల నుదురు ముట్టుకునేది. ప్లేగు గడ్డ లేస్తోందేమోనని చేతులెత్తించి చంకలు తడిమేది, గజ్జలు తడిమేది. "ఈడ నొప్పా? ఈడ?" లేదనేది నంజి. ఒక దినం గడిచింది. రెండు. మూడు. మోచేతి మీది చుక్కలు మానిపోయాయి. మేష్టరు దూరం నుంచే "ఎట్లుండాది?" అని అడిగి పోతున్నాడు. ఆరు దినాలు దాటితే భయం లేదని, ప్లేగు సూది వేయడానికి వచ్చినవాళ్ళు చెప్పారు. ఆ సూదిమందు చిక్కబళ్ళాపురం నుంచి ఇంకా రావాలి.

నాలుగోనాడు తెల్లవారి యశోదమ్మ లేవబోయింది. ఎడమకాలు కదల్లేదు. నోరు ఎండిపోయి ఉంది. గజ్జలో చెయ్యి పెట్టి చూసుకుంది. చింతగింజంత గడ్డ, ముట్టుకుంటే ప్రాణం జివ్వుమంది.

నంజి నిద్రలేచి, అలవాటు ప్రకారం ముందుకొచ్చి రెండు చేతులూ ఎత్తి నిలబడింది.

యశోదమ్మ చాప మీదే వెనక్కి జరిగింది. "ఈపొద్దు చౌడమ్మ చూస్తాదిలే. ఆడికి పో."

"నువ్వు చూడవా?"

"నాకు పనుండాది. నీ దుప్పటి ఈడనే వదిలేసి పో. నేను పిలిచేదాకా ఈ తట్టు రావద్దు."

"ఎప్పుడు పిలుస్తావు?"

"పోవే అంటే!"

తిట్టు విన్నాక పిల్లకు ధైర్యం వచ్చినట్టుంది, గెంతుకుంటూ పోయింది. యశోదమ్మ నీళ్ళకుండను చేతికందేంత దగ్గరికి లాక్కుంది. తడికకు అవతల చౌడమ్మ గొంతు వినిపిస్తూ ఉంది. "ఎత్తు చెయ్యి. ఇంకోటి. నగద్దే, కదలకుండా నిలబడు... ఏమీ లేదు యశోదమ్మో! పిల్ల చల్లగుండాది!"

"సరే," అని లోపలి నుంచి అరిచి, యశోదమ్మ తడికను గుంజకు బిగించి కట్టుకుంది.