బాబాయి లుంగీ, అర్బాబు బోటు

బాబాయి పోయాడు. సెలవు మీద జగిత్యాల దగ్గరున్న సొంతూరికి వెళ్ళిన మనిషి, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి మళ్ళీ లేవలేదని వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. ఇక్కడ గల్ఫులో, బర్కా ఊళ్ళో ఖర్జూరం తోట మధ్య ఉన్న ఇంట్లో, ఆ ఫోన్ చెవిన పెట్టుకునే నేను పప్పు మాడబెట్టాను. మా అర్బాబు, అంటే యజమాని, చేతులెత్తి దువా చదివాడు, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వెంటనే, "మరి బోటు ఎవరు తీస్తారు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, బాబాయి ఉన్నా ముందు తనూ అదే అడిగేవాడు.

బాబాయి నాకు చుట్టమేమీ కాదు. నాది గోదావరి జిల్లా, ఆ ఇంట్లో వంటపని. నేను దిగిన రోజున పెట్టె కింద పెట్టకముందే "తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. అంతే, బాబాయి అయిపోయాడు. పేరుకి డ్రైవరు గానీ ఆయన ప్రాణమంతా అర్బాబు జెట్ బోటు మీదే.

ఆ బోటు సముద్రం నీళ్ళు లోపలికి పీల్చి, వెనక్కి చిమ్ముతూ పరిగెడుతుంది. తిరిగొచ్చేసరికి పొట్టనిండా ఉప్పే. ట్రాలీ ఎక్కించగానే మంచినీళ్ళతో కడగాలి. బాబాయి తన స్నానం రేపటికి వాయిదా వేసేవాడు గానీ, ఇంజన్ స్నానం ఒక్కనాడూ వెయ్యలేదు. పైపు మా వంటింటి వెనక కుళాయికి తగిలించేవాడు కాబట్టి కుళాయి డ్యూటీ నాది.

దానికో వరస ఉంది. ముందు ఇంజన్ తిప్పాలి, తర్వాత నీళ్ళు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజన్. "ఇంజన్ నడువంగనే నల్లా ఇడువాలె. బంద్ ఉన్నప్పుడు ఇడిస్తే నీళ్ళు మింగుతది. పన్నోని నోట్లె నీళ్ళు పోస్తరా?" అనేవాడు. ఆ హోరులో మాట వినబడదు కాబట్టి, వదలమన్నా కట్టెయ్యమన్నా చెయ్యెత్తడమే మా సైగ. తీరా ఒకరోజు ఆయన ఈగను తోలుకోడానికి చెయ్యెత్తితే నేను కుళాయి కట్టేశాను. ఉరుక్కుంటూ వచ్చి నన్ను తిట్టాడు, ఈగను తిట్టాడు, ఈగను రానిచ్చినందుకు తోటపని చేసే బంగ్లాదేశ్ అతన్ని, మా బంగ్లా భాయిని కూడా తిట్టాడు. ఆనాటి నుంచి ఎర్ర తువ్వాలు ఊపేవాడు.

ఎండలు ముదిరితే అర్బాబు సముద్రం మొహం చూడడు. అప్పుడు బోటుని పడుకోబెట్టాలి. ఒక ఏడాది అర్బాబు చలిదేశం వాళ్ళ వీడియో చూసి, ఇంజన్లో నీళ్ళు గడ్డకట్టకుండా పోసే మందు తెప్పించాడు. "ఈడ ఫ్రిజ్జుల పెట్టిన పెరుగే గడ్డకడ్తలేదు" అని బాబాయి నాతో గొణిగి, అర్బాబు వైపు తిరిగి "జీ అర్బాబ్" అని పోసేశాడు. కడిగిన ఇంజన్‌కి నూనె కొడుతుంటే, "ఎవరండీ బాబాయ్, తలంటుకున్నాక నూనె రాసేది?" అని ఏడిపించేదాన్ని. "ఇది పెండ్లికి పోతలేదు బిడ్డా, పండబోతున్నది" అనేవాడు.

ఆఖరి పని లుంగీ. ఏటా తన పాత గళ్ళ లుంగీ ఒకటి ముక్కలుగా చింపి, ఎలుకలూ బల్లులూ దూరకుండా బోటుకున్న ప్రతి కన్నంలోనూ కుక్కేవాడు. తెరిచేటప్పుడు అన్నీ తనే లాగేవాడు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఈ వేసవికి ముందు కూడా నీలం గళ్ళది కుక్కి, కవరు కప్పి, "నేనొచ్చేదాక దీన్ని ఎవ్వలు ముట్టద్దు" అని చెప్పి విమానం ఎక్కాడు.

ఎండ తగ్గింది. శుక్రవారం బోటు తియ్యాలన్నాడు అర్బాబు. బంగ్లా భాయి, నేను గుడ్డలన్నీ లాగాం. అన్నీ వచ్చాయో లేదో ఎలా తెలిసేది? ఒక్క ముక్క లోపల ఉండి ఇంజన్ తిప్పితే పీల్చుకుంటుంది, ఇంజన్ పోతుంది. అప్పుడు నాకు తట్టింది. ముక్కలన్నీ ఇసుకలో పరిచి, గడికి గడి కలుపుతూ లుంగీని మళ్ళీ పేర్చాను. చక్కగా కుదిరింది. ఒక్క మూల తప్ప.

అర్బాబు ఆ ఖాళీ వైపు చూశాడు. "బుడ్ఢా లోపలే మరిచిపోయాడు. ఖలాస్, ఇంజన్ విప్పించాలి" అన్నాడు హిందీలో. భాయి టార్చి పట్టుకుని ప్రతి కన్నంలోకీ తొంగిచూశాడు. ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంజన్ గురించి కాదండీ. ఇన్నేళ్ళు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్న మనిషికి, పోయాక మతిమరుపోడన్న పేరు మిగలడం నేను భరించలేకపోయాను.

"కొంచెం ఆగండి, టీ తాగి మళ్ళీ వెతుకుదాం" అని వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి మీద గిన్నె మరిగిపోతోంది. దించడానికి మేకుకి వేలాడే మసిగుడ్డ అందుకున్నాను. అందుకుని అలాగే నిలబడిపోయాను.

నీలం గళ్ళు.

ఊరెళ్ళే ముందు, బోటుకి గుడ్డలు కుక్కడం అయ్యాక బాబాయి వంటింటి గుమ్మంలోకొచ్చి, "కొంగుతోని గిన్నె దించుతవేందే, కాలుతది" అని మిగిలిన ముక్క నా మీదికి విసిరాడు. "ఛీ, లుంగీ ముక్కతో టీ దించుతానా!" అన్నాను. "ఉతికిందే తియ్" అన్నాడు. అలిగి మేకుకి తగిలించాను. ఎప్పుడు వాడడం మొదలుపెట్టానో నాకే తెలీదు. ఆయన లేని రోజుల్లో కూడా రోజూ దాంతోనే దించాను.

ఆ గుడ్డని మసితోనే తెచ్చి ఆ ఖాళీలో పెట్టాను. గడికి గడి కలిసింది. అర్బాబు వంగి ఆ మూలని వేలితో తడిమాడు. తర్వాత తాళంచెవి భాయికిచ్చి "యల్లా, ఇక కానివ్వు" అన్నాడు. నేను వెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాను. ఇంజన్ అందుకుంది. భాయి ఎర్ర తువ్వాలు ఊపాడు, నేను నీళ్ళు వదిలాను.

సాయంత్రం లుంగీ ముక్కలన్నీ ఉతికి తీగ మీద ఆరేశాను. సముద్రం గాలికి అవన్నీ వరసగా ఎగురుతున్నాయి. వేసవికి మళ్ళీ బోటులోకి వెళ్ళాలి కదా. మేకు మీది ముక్కని మాత్రం ఇవ్వను, ఎలుకలు దూరితే దూరనీ.