మొక్కు అని నేను పెట్టిన పేరు

ఇటు రావే, ఈడ కూర్చో. ఫోన్లో నేను చెప్పేదే రాయి, మధ్యలో ఇంకోటి చూడకుండా సరిగ్గా విను. మీ అమ్మ వంటింట్లో ఉండాది, ఇప్పుడైతేనే చెప్పగలను.

మీ తాతకి చక్కెర జబ్బు వచ్చినప్పుడు డాక్టరు ఏదీ పూర్తిగా మానమనలేదు. మూడు గరిటెల అన్నం ఒకటిన్నర చెయ్యమన్నాడు, కూర ఎక్కువ వేసుకోమన్నాడు, పొద్దున్నే నడవమన్నాడు. "ఏందిది, పిల్లికి పెట్టినట్టు పెడతా ఉండావు?" అని కంచం తోసేవారు తాత. నవ్వకు, నిజం. అయినా అన్నం, పప్పు, చారు, మజ్జిగ, అన్నీ కొంచెం కొంచెం తింటూనే ఎనభై దాటినారు. పోయే ముందు రోజు అప్పడం అడిగినారు. నేను ఇవ్వలేదు. ఆ బాధ వేరే.

నా కూతురు, మీ అమ్మ సంగతి అట్లా కాదు. నువ్వు కాలేజీ హాస్టల్లో చేరిన ఏడాది, ఆఫీసులో ఎవరో "మేడం, లావయ్యారే" అన్నారంట. ముందు అన్నం మానింది. బరువు తగ్గితే నేనే బాగుందన్నాను. తర్వాత పండ్లు కూడా చక్కెరే అంది. గుడ్లు, వెన్న, పనీరు తప్ప ఏదీ ముట్టలేదు. అది విడిచిపెట్టి కొన్నాళ్లు రోజంతా ఆకురసాలు. ఒక్కో వీడియో ఒక్కో మాట చెప్పేది, ఇది అన్నీ వినేది.

ఇక నేను చేసిన పని రాయి. పెరటాసి నెల మూడో శనివారం వెంకటేశ్వర పెరుమాళ్లకి తళిగ నైవేద్యం వేశాం. ఆకు మీద అన్నం రాశిగా పోసి, పిండిదీపం వెలిగించి, గోవిందా అన్నాకే కదా మనం తినేది. చుట్టాలందరూ హాల్లో వరసగా కూర్చున్నారు. మీ అమ్మ వడ్డిస్తానే ఉంది, తను మాత్రం కూర్చోలేదు. తొండియార్‌పేట నుంచి వచ్చిన మా ఆడబిడ్డ దాని చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా, పెరుమాళ్ల ప్రసాదం కూడా తినవా? చిక్కి పుల్లయిపొయ్యావు. రా, నా పక్కన కూర్చో."

అందరూ తలలు తిప్పి చూశారు. మీ అమ్మ ముఖం పాలిపోయింది. నాకు పరువు అడ్డొచ్చింది.

"దానికి మొక్కుండాది వదినా. అన్నం ముట్టకూడదు" అనేశాను.

ఆమె గబుక్కున చెయ్యి వదిలేసింది. "అయ్యో, తెలీక అడిగినాను తల్లీ. ఈ కాలంలో ఎంత భక్తి!"

మొక్కున్న మనిషిని తినమని బలవంతం చేస్తే పాపమంటారు మన ఇళ్లలో. అంతే. ఆ రోజు నుంచి ఏ పెళ్లిలోనూ, ఏ పండగకీ మీ అమ్మని తినమ్మా అన్నవాళ్లు లేరు. ఎదురింటావిడ టిఫిన్ పంపడం మానేసింది. మీ నాన్న వాదించి వాదించి అలిసిపొయ్యాడు. ఇప్పుడు ఎవరైనా అడిగితే మీ అమ్మే "మొక్కు" అంటుంది. ఆ మాట దానికి నేర్పింది నేనే కదా.

పోయిన ఎండాకాలం పెరంబూరు స్టేషన్ మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. ఒంట్లో రక్తం లేదన్నారు. "ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదా?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. అన్నీ తినండి, మితంగా తినండి అని మీ తాతకి చెప్పినట్టే చెప్పింది. అంత సులువైన మాట, మీ అమ్మకి చేతకావడం లేదు. రెండు ముద్దలకే లేచి పోతుంది. దువ్వెన నిండా జుట్టు. గాజులు మోచేతి దాకా జారతా ఉండాయి.

నువ్వు తినకపోతే నేనూ తినను పో అని ఒకసారి మొండికేశాను. రెండు పూటలు చూసింది. మూడో పూట తనే అన్నం కలిపి, బుజ్జగించి నా నోట్లో పెట్టింది. వేళ్లకి అంటిన మెతుకులు మాత్రం కుళాయి కింద కడిగేసుకుంది. అది చూశాక నాకు ఆశ లేకుండా పోయింది.

మొక్కూ లేదు, ఏమీ లేదు, అబద్ధం చెప్పినానని వదినతో అనెయ్యాలని రోజూ అనుకుంటా. ఆమె వచ్చి నాలుగు తిట్టి తినిపిస్తుందేమో. మొన్న ధైర్యం చేసి ఫోన్ తీసుకున్నాను కూడా, ఇంతలో మీ అమ్మ చూసి...

"అమ్మా! వడ్డించేశాను, చారు చల్లారిపోతా ఉండాది! దాన్ని కూడా పిలుచుకొని రా!"

వస్తా ఉండానే! చూడు, ఆడ రెండే కంచాలు పెట్టింది. ఈ ఒక్కటి రాసెయ్, మీ అమ్మ చూసి నా చెయ్యి పట్టుకొని, అత్తకి చెప్పొద్దమ్మా, చెప్తే నేను ఆ రెండు ముద్దలు కూడా ముట్టను అనింది.