వదినగారి మోకాలు, రెండవ కెమెరా

వెనుకటి రోజులలో ఎముకల ఆసుపత్రిలో నడకను కొలిచే గది ఒకటి ఉండేది. ఆ గదికి పెద్ద దిక్కు ఒక్కరే. అందరూ ఆయనను ‘కొలతలాయన’ అనేవారు. రోగి కీళ్ళపై తెల్లని చుక్కలు అంటించి, రెండు మూలల నుండి రెండు కెమెరాలతో నడకను చిత్రించి, ఒక్కొక్క బొమ్మనూ పలుచని కాగితంపై గీసుకొని, రెండింటినీ జోడించి, మోకాలు ఎంత ముందుకు, ఎంత లోపలికి కదిలినదో ఆయన తేల్చేవారు. నేడు యంత్రాలు రెప్పపాటులో ముగించే ఆ పనికి ఆనాడు నాలుగు రోజులు పట్టేది. పసిబిడ్డకు నీళ్ళు పోసినంత జాగ్రత్తగా ఆయన ఆ పని చేసేవారు.

ఒకసారి ఆయన వదినగారే కుంటుతూ వచ్చారు. ఆమె దర్జీ. ఆమె నోటికి జడిసి, బట్టలు ఆలస్యమైనా అడిగిన వారు లేరు.

“ఏమయ్యా మరిదీ, ఈ చుక్కలేమిటి? నన్ను చిరుతపులిని చేస్తున్నావా?”

“పులి ఎప్పుడో అయ్యారు. ఇక నోరు ఆపి కాలు కదపండి వదినా.”

కదలనిదానిని సరిచూసుకున్న తరువాతనే కదిలేదానిని నమ్మాలని ఆయన నియమం. అందుకే ముందుగా బొమ్మలో రోగి వెనుక కనిపించే తలుపు చట్రాన్ని గీసుకొని, కెమెరా జరగలేదు కదా అని పాత కాగితంతో పోల్చేవారు. అయినవాళ్ళ చనువులో ఆ ఒక్కనాడు అది మరచారు.

మోకాలు లోపలికి వంగుతున్నదని లెక్క తేలింది. శస్త్రచికిత్స గురువారానికి ఖాయమైనది. బుధవారం కాగితాలు కట్టకడుతూ, మనసొప్పక, ఆయన తలుపును గీసి చూశారు. రెండవ కెమెరాలో అది అగ్గిపుల్ల మందం పక్కకు జరిగి ఉన్నది. వదినగారికి కుర్చీ తెస్తూ తానే ఆ కెమెరా కాలును తన్నిన సంగతి అప్పుడు ఆయనకు స్ఫురించింది. ఇరవై ఏళ్ళుగా తప్పెరుగని మనిషని పేరు. అయినా తిన్నగా డాక్టరుగారి గదికి వెళ్ళారు.

“తప్పు నాదండీ. రేపు కత్తి పెట్టకండి.”

“మీరా!”

“నేనేనండీ.”

మళ్ళీ కొలవగా మోకాలు నిక్షేపంగా ఉన్నది. ఏళ్ళ తరబడి మిషను తొక్కగా బిగుసుకున్నది తుంటి, వ్యాయామం చాలునన్నారు. జరిగినదంతా వదినగారికి ఆయనే చెప్పారు.

“అంటే, బాగున్న కాలు కోయించబోయావన్నమాట!”

“అవును వదినా.”

ఆమె చెప్పులు తొడుక్కున్నారు. “మీ అన్నయ్యతో అనకు, అన్నం మానేస్తారు. పద, ఇంటిదాకా తోడు రా.”

ఆ సాయంత్రం వీధి పొడవునా ఆమె తిడుతూ నడిచారు, ఆయన వింటూ నడిచారు. వేల నడకలు చూసిన ఆ మనిషి, ముసలితనంలో తలచుకొని మురిసినది మాత్రం ఆ ఒక్క నడకనే.