తాత దగ్గే చోటు

కరెంటు ఎప్పుడొస్తుందన్న సంగతి తప్ప తక్కినవన్నీ కంప్యూటర్‌కు తెలుసని నేను నమ్మిన రోజులవి. వనపర్తిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పెళ్లికార్డులు కొట్టేవాణ్ని. (తీరిక వేళల్లో కోతలు కోసేవాణ్ని.) ఆ కోతల్లో ఒకటి, వాయిస్తే చాలు కంప్యూటరే స్వరాలు రాసేస్తుందన్నది, మా పెద్దమ్మ చెవిన పడింది. ఆమె చర్చిలో కీబోర్డు వాయించేది. అంతా చెవి పాండిత్యమే, స్వరాలు రాయడం తెలియదు. కూతురి పెళ్లికి సొంతంగా ఒక పాట కట్టుకుంది. పెద్దనాన్న లేడు కనుక అక్కను చెయ్యి పట్టుకుని వేదిక దాకా నడిపించాల్సింది ఆమే. వాయిస్తే నడవలేదు, నడిస్తే వాయించలేదు. పెళ్లివారు హైదరాబాదు నుంచి తెచ్చే కీబోర్డు పిల్లేమో కాగితం మీద స్వరాలుంటే తప్ప వేలు కదపదట.

"నువ్వు వాయించు పెద్దమ్మా, అదే రాసుకుంటది," అన్నాను, కీబోర్డుకూ కంప్యూటర్‌కూ తీగ కలుపుతూ.

రాసుకుంది. కంప్యూటర్ టిక్కుటిక్కుమని తాళం వేస్తుంటే దాని వెంటే వాయించాలి. పెద్దమ్మ ప్రతి లైను చివరా ఆగేది, టిక్కు ఆగేది కాదు. అచ్చయి వచ్చిన కాగితం చీమలపుట్ట మీద కాలేసినట్టుంది.

"ఏంది బిడ్డా గిది? నా పాటనా, నా కంటి పరీక్షనా?"

"నువ్వు ఎందుకు ఆగుతున్నవ్ పెద్దమ్మా?"

"మీ తాత దగ్గొద్దా? ఆయన దగ్గినంకనే గద ఇంకో లైను."

నిజమే. చర్చిలో ముందు వరసలో కూర్చుని పాట ఎత్తేది తాతే, దగ్గి అందర్నీ ఆపేదీ తాతే. పెళ్లేమో ఎల్లుండి. కాలి పెడల్‌తో మనమే తాళం ఇచ్చే వీలుందని అప్పుడు గుర్తొచ్చి, ఆయన్ని ఆటోలో తెచ్చి పాదం కింద పెడల్ పెట్టాను.

"నన్నెందుకు పరేషాన్ చేస్తుర్రు? నాకు కంప్యూటర్ తెల్వదు."

"దానికి నువ్వు తెలిస్తే చాలు తాతా. పెద్దమ్మ పాట నీకొచ్చు గద, పాడుకుంట కాలాడియ్యి. దగ్గొస్తే దగ్గు."

పెద్దమ్మ వాయిస్తుంటే, తాత ఆగిన చోటల్లా కంప్యూటరూ ఆగింది. కాగితం కడిగిన పలక మీద రాసినట్టు వచ్చింది. దగ్గులున్న చోట్ల 'ఆగు' అనే గుర్తు మాత్రం నేను పెట్టాను.

పెళ్లినాడు ఆ పిల్ల మొదటి లైను వాయించి, గుర్తు దగ్గర బుద్ధిగా ఆగింది. ముందు వరసలోంచి దగ్గు వినిపించింది. అక్క చెయ్యి పట్టుకున్న పెద్దమ్మ నా వైపు చూసి నవ్వి, అడుగు ముందుకేసింది.

ఇప్పుడు తాత లేడు. ఆ కాగితం జిరాక్సుల మీద జిరాక్సులై మా చర్చిలో ప్రతి పెళ్లికీ వస్తుంది. ఎందుకో తెలియకుండానే వాయించే పిల్లలు లైను చివర ఆగుతారు. కంప్యూటర్‌కు పాట నేర్పానని ఊరంతా చెప్పుకుని తిరిగిన ఆ కుర్రాడు ఇప్పుడు వెనక వరసలో, బట్టతల సవరించుకుంటూ, ఆ ఖాళీ వట్టిగా పోకూడదని చిన్నగా దగ్గుతుంటాడు.