బుల్లమ్మ బోణీ బేరం

మా భావనపాడులో బుల్లమ్మతో చేపలు బేరమాడి గెలిచిన మనిషి ఇంకా పుట్టలేదు. నలభై ఏళ్లు గంప నెత్తినెట్టుకుని ఊళ్లు తిరిగింది. బోణీ కాకుండా మెతుకు ముట్టేది కాదు. ఇప్పుడు మతిమరుపు జబ్బు ముదిరింది. మొగుడు పోయిన సంగతి మరిచిపోయింది, గంప దించి ఆరేళ్లయిన సంగతీ మరిచిపోయింది. బోణీని మాత్రం మరవలేదు. ఆ పాడు బోణీని మరిచిపోయినా బాగుణ్ణు!

రెండు రోజులుగా తిండి మానేసిందని తెలిసి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. నన్నెవరు పిలుస్తారు, నేనే వెళ్తాను.

ఖాళీ గంప ముందేసుకుని అరుగు మీద కూర్చునుంది. కోడలు అనిత గంజిగిన్నె పట్టుకుని అరుస్తోంది.

"సేపల్లేవత్తా! గంపలో ఏటున్నాది? నువ్వే సూడు!"

"బోణీ అవనీయే. అప్పుడు తింతాను."

అనిత నా వైపు తిరిగింది. "నిజం సెప్తే తిడతాది పిన్నీ. తినకుండా మాత్రలెలా ఎయ్యను?"

"నీ నిజంతో దాని కడుపు నిండుతాదేటే?" అని నేనే గంప ముందు కూర్చున్నాను. "ఒసే బుల్లమ్మా, నెత్తళ్లెంత?"

"వంద."

జాలేసి, మారుమాట లేకుండా వంద తీసిచ్చాను. అదే నేను చేసిన వెధవ పని. నోటు నా మొహాన కొట్టింది.

"బేరమాడకుండా ఇస్తావేటి? నేనేటి అడుక్కుంతన్నానా? పో!"

కొత్తిమీర కట్ట దగ్గర కూడా అరగంట గీసిగీసి బేరమాడేదాన్ని, ఆ పూట నా నోరెక్కడ పోయిందో!

అప్పుడు అనిత గిన్నె కిందపెట్టి, కొంగు దోపుకుని గొంతుక్కూర్చుంది. గంపలోకి వంగి ముక్కు మూసుకుంది.

"థూ! నిన్నటి సేపలు. పిల్లి కూడా ముట్టదు. ముప్పై ఇస్తాను."

ముసలిది నడుం నిటారుగా చేసింది. "ఎవత్తివే నువ్వు? నిన్నటివేటే? ఇప్పుడే తెప్ప దిగినాయి! మీ అత్త నీకు బేరం నేర్పనేదేటి?"

అనిత గంప అంచు పట్టుకుంది. "నేర్పతంది. నాకే ఇంకా రాలేదు."

"అరవై తే. కొసరేస్తాను."

ఖాళీ దోసిలితో రెండుసార్లు పోసింది. అనిత కొంగు పట్టి, అరవై చేతిలో పెట్టింది. బుల్లమ్మ డబ్బులు కళ్లకద్దుకుని రొంటిన దోపుకుంది.

"ఆకలేస్తంది. గంజి తే. నంజుకోడానికి ఉప్పుసేపేదైనా ఉందా?"

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ అరుగు మీద అత్తాకోడళ్లు బేరమాడుకుంటారు, వీధంతా వినపడేలా. నేను వెళ్తే మాత్రం బుల్లమ్మ గంప వెనక్కి లాక్కుంటుంది.

"నీకమ్మను. నీకు బేరం రాదు."

మొగుడు పోయిన సంగతే మరిచిన మనిషి, ఇదొక్కటీ ఎలా గుర్తెట్టుకుందో!