ఆరు గ్లాసుల్లో ఒకటి

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెను అందరూ అద్దాలమ్మ అనేవారు. ముందు వైపు ఫ్రేములు, నిలువుటద్దాలు, యజమాని కబుర్లు ఉండేవి. వెనక చిన్న గదిలో అద్దాల అంచులు అరగదీసే యంత్రం, దాని ముందు ఎత్తు స్టూలు మీద ఆమె. అరగదీసిన అద్దాన్ని ఫ్రేములో పెట్టి, బొటనవేలితో నొక్కి, అది "టక్" అని కూర్చునే చప్పుడు వినేదాకా ఊపిరి బిగబట్టేది. ఆ చప్పుడు సరిగ్గా రాకపోతే మళ్ళీ తీసి మళ్ళీ అరగదీసేది. ఎవరూ వెనక్కి వచ్చి బాగుందని చెప్పరు. జోడు పెట్టుకున్నవాళ్ళు దుకాణం ముందు నుంచే వెళ్ళిపోతారు.

ఆ లోటు ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంట్లో వంట అక్కది, పాట అక్కది, వచ్చినవాళ్ళతో నాలుగు మాటలు కలిపే నేర్పూ అక్కదే. చెల్లెలు పనిమంతురాలు, అంతే. ఒక్క కాఫీ మాత్రం ఆమెది. అక్క పెళ్ళైన కొత్తలో బావ ఇంటికొచ్చి చెల్లెలు ఇచ్చిన కాఫీ తాగి, "ఈ కాఫీ కోసమైనా ఈ ఇంటికి అల్లుడు కావచ్చు" అన్నాడు. ఆ మాటను ఆమె చాలాకాలం పదిలంగా దాచుకుంది. పొగడ్త అంటే చెవి కోసుకునే మనిషి, పైకి మాత్రం "ఏముందిలెండి" అనేది.

బావ బస్సుల డిపోలో మెకానిక్. చెయ్యి మంచిది, మనసు మంచిది, నడుమ ఒక పాడు అలవాటు. తాగుడు. రిపేరుకొచ్చిన బస్సులోనే పడి నిద్రపోయిన రోజులున్నాయి. అక్క వెళ్ళి భుజం ఆసరా ఇచ్చి ఇంటికి తీసుకొచ్చిన రోజులున్నాయి. ఆ తర్వాత, ఎవరూ నమ్మని సమయంలో, మానేశాడు. తనలాగే మానేసిన నలుగురితో కలిసి వారానికోసారి ఒక మీటింగు హాల్లో కూర్చుని వచ్చేవాడు. అక్కడ ఏం మాట్లాడుకుంటారో చెప్పేవాడు కాదు, అక్క అడిగేది కాదు. కొన్నేళ్ళు అలా నెమ్మదిగా, జారుడు నేల మీద నడిచినట్టు గడిచాయి.

ఆ ఏడాది చివర్లో అద్దాలమ్మ దగ్గరికి ఒక పెద్దాయన జోడు బాగుకొచ్చింది. కాడ వదులైపోయింది. ఆయన పెద్ద హోటల్లో బార్ చూసుకుని రిటైరైన మనిషి. మర బిగించేంతసేపు గుమ్మంలో నిలబడి, సెలవు రోజుల్లో హోటల్లో తాను ఒకప్పుడు చేసిన ఐరిష్ కాఫీ గురించి చెప్పాడు. ముందు గ్లాసును వేడినీళ్ళతో వెచ్చబెట్టాలి. గోధుమరంగు పంచదార, కొంచెం విస్కీ, చిక్కటి కాఫీ. పైన వేలెడంత ఖాళీ వదలాలి. క్రీమును మరీ గట్టిపడకుండా, రిబ్బనులా జారేంతవరకే గిలక్కొట్టి, చెంచా వీపు మీదుగా మెల్లగా వదలాలి.

"పంచదార మానేస్తే క్రీము మునిగిపోతుందమ్మా. అది తీపి కోసం కాదు, తేల్చడం కోసం," అన్నాడు.

ఆమె ఇంటికెళ్ళి రెండుసార్లు చేసి చూసింది. మొదటిసారి క్రీము కాఫీలో కలిసిపోయి బురదనీళ్ళలా తయారైంది. రెండోసారి నల్లటి కాఫీ మీద తెల్లటి పొర గీత గీసినట్టు నిలిచింది. తనదంటూ ఏదో ఉండాలని కాఫీలో చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మరిగించింది. ఆమె భర్త ఒక గుక్క తాగి, మీసానికంటిన తెలుపు తుడుచుకుంటూ, "దీన్ని నలుగురికీ పెట్టాలే," అన్నాడు. అక్కడే మొదలైంది.

సంవత్సరాంతపు సెలవు రోజు మధ్యాహ్నం యజమానిని, ఆయన భార్యను, దుకాణంలోనే కళ్ళు పరీక్షించే యజమాని తమ్ముడిని ఇంటికి పిలిచింది. అక్కనూ బావనూ కూడా పిలిచింది. అక్క ముందురోజే ఫోన్ చేసింది.

"ఏంటే, కాఫీలో మందు కలుపుతావంట?"

"కొంచెమేనక్కా. బావకి వేరేగా చేస్తాలే."

"వేరే గ్లాసులో ఇవ్వకు. అందరిలోకీ ఆయనొక్కడే వేరుగా కనపడితే చిన్నబుచ్చుకుంటాడు. అలాగని మర్చిపోకు."

"అంత మతిలేనిదాన్నా అక్కా?"

నిజానికి మతిలేనిది కాదు. ఆరు గ్లాసులూ ఒకే రకానివి కొంది. ఐదింట్లో విస్కీ పోసింది. ఆరోదాంట్లో ఆ మేరకు కాఫీయే ఎక్కువ పోసి, పళ్ళెంలో తనవైపు ఎడమ మూలన పెట్టింది. అక్క ఎప్పటిలాగే టీ చాలంది. మూడేసి చొప్పున రెండు వరసలు. ఒక్కోదాని మీదా చెంచా వీపు మీదుగా క్రీము వదిలింది. ఆరు తెల్లటి పొరలూ ఒకే ఎత్తులో నిలిచాయి. క్రీము గిన్నె ఖాళీ అయింది. వాసన కూడా ఆ పొర కిందే ఉండిపోయింది. తన చేతిపనిని తానే కాసేపు చూసుకుని, కాగితపు రుమాళ్ళ కోసం పక్కగదిలోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి యజమాని భార్య వంటగదిలో ఫోనుతో ఫోటో తీస్తోంది.

"ఎంత ముచ్చటగా ఉన్నాయో. వెలుతురు కోసం కొంచెం తిప్పానమ్మా," అందావిడ.

పళ్ళెం ఇప్పుడు కిటికీ దగ్గరుంది. ఎడమ మూల ఎడమ మూలగానే ఉందో, ఎదుటి కుడి మూలైపోయిందో అద్దాలమ్మకు తెలియలేదు. "ఎటు తిప్పారు?" అని అడిగితే సరిపోయేది. అడగడానికి నోరు తెరిచింది కూడా. అడిగితే ఎందుకని ఆవిడ అంటుంది, అప్పుడు బావ సంగతి పరాయివాళ్ళ ముందు చెప్పాల్సొస్తుంది. ఆ సాకు ఎంత తొందరగా దొరికిందంటే, అది సాకని కూడా ఆమెకు అనిపించలేదు. ఒక్కో గ్లాసూ చెంచాతో రుచి చూడొచ్చు, కానీ పొర చెదిరిపోతుంది. బావకు మామూలు కాఫీ కప్పులో కొత్తగా కలిపి ఇవ్వొచ్చు, కానీ అక్క వద్దంది. హాల్లోంచి యజమాని గొంతు వినబడింది.

"అద్దాలమ్మా, మమ్మల్ని ఊరిస్తావా, తాగిస్తావా?"

ఆమె పళ్ళెం ఎత్తుకుంది. కొంచెమే తిప్పానంది కదా, అంటే సగం చుట్టు తిరిగి ఉండదులే అనుకుంది. ఎడమ మూల గ్లాసు తీసి బావ చేతికిచ్చింది.

అందరూ ఆహా అన్నారు. యజమాని గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన తమ్ముడు, ఇలాంటిది హోటల్లో కూడా తాగలేదన్నాడు. అద్దాలమ్మ "ఏముందిలెండి" అంటూనే ఓరకంట బావను చూసింది. బావ ఒక గుక్క తాగాడు. కదలకుండా ఆగాడు. ఆమె వైపు చూడలేదు. మళ్ళీ గ్లాసెత్తాడు. ఆమె మనసు కుదుటపడింది. మందు తగిలి ఉంటే మళ్ళీ ఎందుకు తాగుతాడు?

బావ లేచి, గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇప్పుడే వస్తా" అని బయటికెళ్ళాడు. ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి యజమాని నాలుక చప్పరించి నవ్వాడు. "అందరూ ఘాటు ఘాటు అంటున్నారు. నాకు ఒట్టి కాఫీయే తగిలింది. జీతం పెంచలేదని నా గ్లాసులో మందు ఎగ్గొట్టావా అద్దాలమ్మా?"

గది గొల్లుమంది. నవ్వనివాళ్ళు ఇద్దరే, అక్కాచెల్లెళ్ళు. అక్క టీ కప్పు కింద పెట్టి, బల్ల దగ్గరికి వెళ్ళి బావ గ్లాసు చూసింది. సగానికి పైగా ఖాళీ. ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. తిడుతుందనుకుంది చెల్లెలు. తిట్టలేదు. "చెప్పులు ఉన్నాయేమో చూడు," అంది మెల్లగా.

గుమ్మం దగ్గర బావ చెప్పులు లేవు.

అతిథుల దగ్గర అద్దాలమ్మ భర్తను కూర్చోబెట్టి అక్కాచెల్లెళ్ళిద్దరూ మెట్లు దిగారు. అక్క బస్టాపు వైపు వెళ్ళింది. అద్దాలమ్మకు మిగిలిన దారి వీధి చివరకు. అక్కడ మందు దుకాణం ఉంది. రోజూ దాని ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళే మనిషి ఇవాళ గుమ్మంలో నిలబడి లోపలి ముఖాలు ఒక్కొక్కటే చూసింది. గల్లా దగ్గర కూర్చున్నతను ఆమె దుకాణంలోనే జోడు చేయించుకున్నాడు. ఆమె అరగదీసిన అద్దాల్లోంచే ఆమెను చూస్తూ, "ఏం కావాలమ్మా?" అన్నాడు. "ఏమీ వద్దు" అంది. తల కొట్టేసినట్టయింది. వెంటనే ఇంకో సిగ్గు పట్టుకుంది. బావ ఏమైపోయాడో తెలియని వేళ, తనను ఎవరు చూస్తున్నారని ఆలోచిస్తోంది.

వెనక్కి వచ్చేసరికి మెట్ల దగ్గర ఎదురింటి ముసలమ్మ చెప్పింది. "మీ బావ కిందికి పోలేదే. పైకెక్కాడు."

డాబా మీద ఆరేసిన దుప్పట్ల వెనక, నీళ్ళ ట్యాంకు నీడలో బావ కూర్చున్నాడు. ఎండ పసుపురంగుకు తిరుగుతోంది. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, నల్లటి గ్రీజు ఇంకిపోయిన గోళ్ళకేసి చూసుకుంటున్నాడు.

"కిందికెళ్తే మందు దుకాణముంది," అన్నాడు ఆమెను చూసి. "అందుకని పైకొచ్చా."

ఆమె అక్కడే నిలబడిపోయింది. నోటికి మొదట వచ్చిన మాట అనేసింది. "తెలియక జరిగింది బావా."

బావ తలూపాడు. ఆమె చెప్పిన అబద్ధం ఆమెకే వినబడింది. దుప్పటి అంచు పట్టుకుని నిలబడి, నేలకేసి చూస్తూ, మళ్ళీ చెప్పింది.

"కాదు. పళ్ళెం తిప్పారని నాకు తెలుసు. మీది ఏదో నాకు తెలియలేదు. అది తెలిసే ఇచ్చాను. అడుగుదామనుకున్నాను. అందరూ చూస్తున్నారు, బాగుందంటారని... అడగలేదు."

"మొదట తెలియక జరిగిందన్నావు చూడు," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. "నేనూ అదే అనేవాణ్ణి మీ అక్కతో. ప్రతిసారీ. అందుకే గుర్తుపట్టా."

ఆ మాటకు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. ఇంత తిన్నగా ఎవరూ ఆమె లోపలికి చూడలేదు. ఏడవాలనుంది, కానీ ఏడిస్తే ఆయనే ఓదార్చాలి, అది ఇంకా అన్యాయం.

"ఇంకోటి విను," అన్నాడు బావ. "మొదటి గుక్క నోట్లో పడగానే తెలిసిపోయింది. ఉమ్మేయొచ్చు. కింద పెట్టేయొచ్చు. ఎవరూ చూడట్లేదు, తప్పు నాది కాదు, మరదలు ఇచ్చింది అని నాకు నేనే చెప్పుకున్నా. సంతోషమేసింది. తెలుసా, సంతోషమేసింది నాకు. మొదటి గుక్క నీది. రెండోది నాది. ఆ తర్వాతవి కూడా నావే."

మెట్ల మీద ఆయాసపడుతూ అక్క పైకొచ్చింది. ఇద్దరినీ చూసింది. ఎవరి మొహం ఎక్కువ వాడిపోయిందో తేల్చుకోలేనట్టు గుమ్మంలోనే ఆగింది.

"ఎంత తాగావ్?" అంది బావతో.

"నువ్వు చూసిందే."

"ఇంకా కావాలనుందా?"

"ఉంది. నన్ను మా మీటింగు హాలుకి తీసుకెళ్ళు. ఇవాళ సెలవైనా ఎవరో ఒకరు ఉంటారు."

అక్క అతని చెయ్యి పట్టుకుని లేపింది. చెల్లెలి పక్క నుంచి వెళ్తూ ఆగి, "నువ్వు లోపలికెళ్ళు. వాళ్ళు ఎదురుచూస్తుంటారు," అంది. ఆ మాట తిట్టులా లేదు, అందుకే నాటుకుంది.

యజమాని కుటుంబానికి ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. బావకు ఒంట్లో బాగాలేదని భర్త అప్పటికే చెప్పేశాడు. ఫోటో ఎంత బాగా వచ్చిందో చూడమని యజమాని భార్య ఫోను చేతికిచ్చింది. ఆరు గ్లాసులు, ఆరు తెల్లటి పొరలు. అద్దాలమ్మ చూసి, బాగుందని చెప్పి, తిరిగిచ్చేసింది.

బావ ఆ ఒక్కరోజుతో ఆగలేదు. తర్వాత రెండు వారాల్లో ఒకసారి మళ్ళీ తాగొచ్చాడని అక్క ఫోన్లో చెప్పింది. ఇంకేమీ అనకుండా పెట్టేసింది. ఆ రెండోసారికి తన పాలు ఎంతో, ఆయన పాలు ఎంతో అద్దాలమ్మ ఎన్నోసార్లు ఆలోచించింది, తేలలేదు. పనిలో ఉండగా అకస్మాత్తుగా చెవులు వేడెక్కేవి. యంత్రం ఆపి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టేది. మిగిలిన విస్కీ సీసాను భర్త తొట్టిలో ఒంపేశాడు. క్రీము కొనడం మానేసింది.

ఆ తర్వాత బావ మళ్ళీ నిలదొక్కుకున్నాడు. మీటింగు హాలుకు వారానికి రెండుసార్లు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎండలు ముదిరాక ఒకరోజు అక్కాబావా ఇంటికొచ్చారు. అక్క హాల్లోనే కూర్చుంది, లోపలికి రాలేదు. అద్దాలమ్మ కాఫీ పెడదామా వద్దా అని పొయ్యి ముందు నిలబడి ఉండగా బావ వంటగది గుమ్మంలోకి వచ్చాడు.

"నాక్కూడా పెట్టు. కానీ నువ్వు పెట్టేంతసేపూ నేనిక్కడే నిలబడతా. తప్పుగా అనుకోకు."

"నిలబడండి బావా."

నీళ్ళు మరిగేదాకా, పొడి వేసేదాకా, పాలు పోసేదాకా ఆయన చేతులు కట్టుకుని ఆమె చేతులనే చూశాడు. ఆమె పంచదార డబ్బా మూత తీసి ఆయనకు కనబడేలా వంచింది. తర్వాత బావ తనే కప్పు అందుకుని, ఒక్కసారి వాసన చూసి, తాగాడు.

ఇప్పటికీ ఆయన అలాగే వచ్చి నిలబడతాడు. ఆమె ఇప్పటికీ డబ్బా వంచి చూపిస్తుంది. ఇద్దరూ ఆ సమయంలో వేరే మాటలేవో మాట్లాడుకుంటారు, డిపోలో కొత్త బస్సుల గురించి, పెరిగిన ఫ్రేముల ధరల గురించి.