విమానానికి నేను చేసిన మరమ్మతు

ఎనభైల చివర, జనగామలో కంప్యూటర్ నేర్పే గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. కంప్యూటర్ ఒక్కటే, మేం పద్నాలుగు మందిమి, మనిషికి రోజుకు ఇరవై నిమిషాలు. దసరాకు దానికీ కుంకుమ బొట్టు పెట్టాం (ఎవరో తెర మీద పెట్టబోతే నేనే ఆపి పక్కన పెట్టించాను, అన్నిటినీ సరిచేసే జబ్బు నాకు అప్పటికే ఉంది). ఆ జబ్బుతో చేసిన ఒక పని చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

మౌసు మీద చెయ్యి కుదరాలని మా సారు విమానం నడిపే ఆట ఆడించేవారు. మౌసును ముందుకు తోస్తే విమానం ముక్కు కిందికి వంగేది, మన వైపు లాగితే పైకి లేచేది. నాకది బొత్తిగా అన్యాయంగా తోచింది. మొదటి వారంలో ముప్పై ఒక్క విమానాలు కూల్చాను (లెక్కపెట్టాను). నా పక్కన కూర్చునే జఫర్‌గఢ్ అక్క మాత్రం రెండో రోజే మెత్తగా దించేసింది. సొంత అక్క కాదు, నాకంటే నాలుగేళ్లు పెద్దది, రైతుల ఇంటి పిల్ల. ఎట్లా దించావని అడిగితే, "పగ్గం మన దిక్కు గుంజితె ఎద్దు తల లేపుతది గద చెల్లె, గింతే" అంది. మా నాయిన బడిపంతులు. మా ఇంట్లో ఎద్దు లేదు.

ఒక మంగళవారం సాయంత్రం, నాలుగు గంటల యాభై నిమిషాలకు, అందరికంటే చివర నా వంతు వచ్చినప్పుడు ఆటలోని సెట్టింగులు తెరిచాను. పైకీ కిందికీ తారుమారు చేసే వరుస పక్కన టిక్కు కనిపించింది. తీసేశాను. మౌసు వేగం ఏడు ఉంటే నాలుగు చేశాను. ఇక తోస్తే పైకి, లాగితే కిందికి, లోకం దారికొచ్చిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. తప్పు దిద్దడానికి అనుమతి దేనికి?

మర్నాడు పొద్దున్నే భూపాలపల్లి గని ఆఫీసు నుంచి ఒక పెద్దసారు వచ్చారు. అక్కడికి కొత్తగా కంప్యూటర్ వస్తోందట, ఒక మనిషి కావాలట. మా సారు రెండు పేర్లు చెప్పారు, అక్కది, నాది. అక్కవాళ్ల బావి ఎండి రెండేళ్లయింది. ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. టైపులో ఇద్దరం సమానంగా రావడంతో పెద్దసారు, విమానం దించండి, చేతి నిలకడ చూస్తానన్నారు. అక్క కూర్చుని మౌసును తన వైపు లాగింది. విమానం నేలలోకి దూరింది. మళ్లీ లాగింది, మళ్లీ దూరింది. మూడోసారీ అంతే. నిన్నటిదాకా బాగానే దించావు కదా అని మా సారు కంగారుపడ్డారు. అక్క అరచెయ్యి చీరకు తుడుచుకుని, "ఇయ్యాల ఎద్దు మర్లవడ్డది సారు, చెప్పినట్టు ఇంటలేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కూర్చుని విమానాన్ని పువ్వులా దించాను.

బస్టాండులో అక్క కొంగు ముడి విప్పి బస్సు చిల్లర లెక్కపెట్టుకుంది. బస్సు వచ్చాక, "నీ చెయ్యి ముందుకు వోతె ఇమానం లేసింది. నేను జూసిన చెల్లె" అని ఎక్కేసింది.

పంతొమ్మిదో రోజు ఉద్యోగం కాగితం నా పేరున వచ్చింది. నాయిన తెచ్చిన జిలేబీ పక్కింటి పిల్లలకు పంచేశాను. మర్నాడు మా సారుకు చెప్పాను. ఆయన తిట్టలేదు, "గిదంత కాయితం మీద రాసియ్యి, నేనే తీస్కపోత" అన్నారు. రాశాను. పెద్దసారు అక్కను మళ్లీ పిలిపించి, టిక్కు పెట్టించి చూశారు. అక్క ఒక్కసారికే దించింది, ఉద్యోగం అక్కదైంది. మా సారు తరగతిలో నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ పావుగంటా నేల చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే ఆ ఉత్తరంలో వారం ఉంది, గంట ఉంది, నిమిషం ఉంది, ఏడు నాలుగైన సంగతి ఉంది. మార్చి, చెప్పడం మరిచిపోయానని ఉంది. మరిచిపోలేదు. అక్క మొదటిసారి లాగగానే, కూల్చింది నా మరమ్మతేనని నాకు తెలిసింది. ఇంకా రెండు విమానాలు కూలేదాకా చూస్తూ నిలబడ్డాను. నిమిషంతో సహా రాసిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు కొంచెం నవ్వొస్తుంది, అంత పొందికైన ఉత్తరంలో అంత పెద్ద ఖాళీ ఎట్లా వదిలిందా అని. నాకు తెలిసినంతలో అక్క బస్టాండులో నాతో అన్న మాట ఇంతవరకు ఇంకెవరితోనూ అనలేదు.